చిన్న కుక్కకు ఏది పెట్టాలి, ఎంత పెట్టాలి: ప్యాకెట్ డాగ్ ఫుడ్ చుట్టూ అల్లుకున్న అపోహలు

క్లుప్తంగా: ప్యాకెట్ డాగ్ ఫుడ్ మీద వాదనలు ఎక్కువగా పదార్థాల పేర్ల చుట్టూనే తిరుగుతాయి. కుక్క ఒంటికి కావాల్సింది పోషకాలు. అవి సరిపడా ఉన్నాయో లేదో ప్యాకెట్ వెనక చిన్న అక్షరాల్లో రాసిన ఒక వాక్యం చాలావరకు చెబుతుంది. చిన్న జాతి కుక్కలకు దీనికి తోడు కొలత సమస్య కూడా ఉంది. వాటి రోజువారీ అవసరం చాలా తక్కువ కాబట్టి రోజుకు పది గ్రాములు ఎక్కువైనా కొన్ని నెలల్లో ఒళ్లు వచ్చేస్తుంది. ధాన్యం, బైప్రొడక్ట్స్ (కండ కాకుండా జంతువులోని ఇతర భాగాలు) వంటి వాటి మీద పడ్డ నిందల్లో చాలావాటికి ఆధారం బలహీనం. అసలు నష్టం జరిగేది గిన్నెలో పడే పరిమాణం దగ్గర, మధ్యమధ్యలో పెట్టే చిరుతిళ్ల దగ్గర.

కుక్కల ఆహారం గురించి రెండు నమ్మకాలు పక్కపక్కనే నడుస్తున్నాయి. ప్యాకెట్‌లో వచ్చేదంతా మాంసం తుక్కు, మొక్కజొన్న పిండి తప్ప ఏమీ కాదన్నది ఒకటి. ఖరీదైన ప్యాకెట్ తెచ్చి గిన్నె నింపేస్తే ఇక చూసుకోవాల్సింది ఏమీ లేదన్నది రెండోది. రెండింటి మూలం ఒకటే. ఆహారం మంచిదో చెడ్డదో పేర్లు చూసి తేల్చేస్తారు. అందులో ఏ పోషకం ఎంత ఉంది, ఎంత అరుగుతుంది, రోజుకు ఎంత పెడుతున్నాం అన్న ప్రశ్నలు పక్కకు పోతాయి. ముప్పై కిలోల కుక్క దగ్గర ఈ పొరపాటు కొంతవరకు సాగిపోతుంది. మూడు కిలోల కుక్క దగ్గర సాగదు.

అనుమానం ఎక్కడ మొదలైంది

ఫ్యాక్టరీలో తయారైన కుక్క తిండికి నూటయాభై ఏళ్లు దాటిన చరిత్ర ఉంది. 1860ల్లో జేమ్స్ స్ప్రాట్ అనే అమెరికన్ లండన్‌లో కుక్క బిస్కెట్లు అమ్మడం మొదలుపెట్టాడు. 1920ల్లో అమెరికాలో గుర్రపు మాంసంతో డబ్బా ఆహారం వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో తగరానికి కరువు రావడంతో డబ్బాలు వెనక్కి తగ్గి డ్రై ఫుడ్ ముందుకొచ్చింది. 1957లో ప్యూరినా సంస్థ ఎక్స్‌ట్రూజన్ (ముద్దను వేడి, ఒత్తిడితో రంధ్రం గుండా తోసే) పద్ధతిలో తయారుచేసిన డ్రై ఫుడ్‌ను మార్కెట్లోకి తెచ్చింది. ఇవాళ దొరికే డ్రై ఫుడ్‌లో ఎక్కువ భాగం ఇప్పటికీ ఆ పద్ధతిలోనే తయారవుతోంది.

జనంలో నమ్మకం బాగా దెబ్బతిన్నది 2007లో. చైనా నుంచి వచ్చిన గోధుమ గ్లూటెన్‌లో మెలమిన్ అనే రసాయనం కలిసిందని తేలడంతో ఉత్తర అమెరికాలో చాలా బ్రాండ్ల డబ్బా ఆహారాన్ని వెనక్కి రప్పించారు. ఎన్నో కుక్కలు, పిల్లులు కిడ్నీలు పాడై చనిపోయాయి. ఈ కల్తీ ఎలా సాధ్యమైందో తెలుసుకుంటే లేబుల్ మీది అంకెల గురించి కూడా ఒక సంగతి అర్థమవుతుంది. ఆహారంలో ప్రొటీన్‌ను మామూలుగా నేరుగా కొలవరు. అందులో నైట్రోజన్ ఎంత ఉందో చూసి, దాన్నిబట్టి ప్రొటీన్ లెక్క కడతారు. మెలమిన్‌లో నైట్రోజన్ చాలా ఎక్కువ. నాసిరకం పిండిలో అది కలిపితే పరీక్షలో ప్రొటీన్ శాతం పెరిగినట్టే కనిపిస్తుంది. దానితోపాటు ఉన్న సయనూరిక్ యాసిడ్ అనే మరో రసాయనంతో కలిసి అది కిడ్నీల్లో స్ఫటికాలుగా పేరుకుపోయింది. ప్యాకెట్ మీద 'క్రూడ్ ప్రొటీన్' అని ఉండే అంకె ప్రొటీన్ నాణ్యతను చెప్పదు. ఆ మాటలోని 'క్రూడ్' అర్థం అదే.

ఆ ఘటన తర్వాత ముడిసరుకు పరీక్షలు కట్టుదిట్టం చేశారు. అయినా జనంలో పాతుకుపోయిన భయం ఆహారాన్ని సరిగ్గా చదవడం వైపు వెళ్లలేదు. పేరు తెలియని పదార్థం కనిపిస్తే చాలు, అది విషమే అనుకోవడం వైపు వెళ్లింది. ఆ భయాన్ని వాడుకుంటూ ప్యాకెట్ ముందు వైపు 'హోలిస్టిక్', 'ప్రీమియం', 'సూపర్ ప్రీమియం' వంటి మాటలు పెరిగిపోయాయి. వీటిలో దేనికీ చట్టపరమైన నిర్వచనం లేదు.

ఆ గింజలు ఎలా తయారవుతాయి

మాంసం పొడి, ధాన్యం లేదా పప్పుల పిండి, విటమిన్లు, ఖనిజాలు కలిపి ముద్ద చేస్తారు. ఆవిరి వేడి, ఒత్తిడి మధ్య ఆ ముద్దను యంత్రంలోంచి సన్నని రంధ్రం గుండా బయటికి తోస్తారు. లోపల ఉష్ణోగ్రత 100 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. బయటికి రాగానే ఒత్తిడి ఒక్కసారిగా తగ్గి ముద్ద ఉబ్బుతుంది, బ్లేడు దాన్ని ముక్కలుగా కోస్తుంది. తర్వాత ఆరబెడతారు. చివర్లో కొవ్వును, రుచి కోసం వాడే మాంసపు సారాన్ని పైన చల్లుతారు.

ఈ పద్ధతి తెలిస్తే మూడు అపోహలు వాటంతటవే వీగిపోతాయి. వేడికి విటమిన్లన్నీ పోతాయన్న మాటలో సగం నిజం ఉంది. థయమిన్ (విటమిన్ బి1) వంటివి నిజంగానే తగ్గుతాయి. అందుకే ఆ నష్టాన్ని ముందే లెక్కవేసి ఎక్కువ మోతాదులో కలుపుతారు. రెండోది, పిండి పదార్థం కేవలం ఖర్చు తగ్గించుకోవడానికి పెట్టిన 'ఫిల్లర్' అన్న మాట. గింజ విరిగిపోకుండా నిలబడాలంటే ఉడికిన పిండి కావాలి. 'గ్రెయిన్ ఫ్రీ' అని రాసిన ప్యాకెట్‌లోనూ పిండి ఉంటుంది. అది బియ్యం, గోధుమ బదులు బఠాణీ నుంచో, బంగాళాదుంప నుంచో వస్తుంది, అంతే తేడా. మూడోది, కుక్క ఎగబడి తింటోంది కాబట్టి అది మంచి ఆహారమే అయ్యుంటుందన్న నమ్మకం. కుక్కను లాగేది చాలావరకు పైన చల్లిన ఆ కొవ్వు, ఆ వాసన. లోపల పోషకాల సమతూకం ఎలా ఉందో దాని ముక్కుకు తెలియదు.

మొదటి పేరు చికెన్ అయితే సరిపోతుందా

పదార్థాల జాబితాలో మొదట మాంసం పేరు ఉండాలన్నది బాగా చలామణీలో ఉన్న సలహా. జాబితా బరువు ప్రకారం రాస్తారన్నది నిజమే. ఆ బరువు యంత్రంలో వేయకముందు, నీటితో కలిపి తూచినది. చిక్కు అక్కడే ఉంది.

పచ్చి చికెన్‌లో దాదాపు 70 శాతం నీరు. వంద కిలోల మిశ్రమంలో 30 కిలోల పచ్చి చికెన్, 20 కిలోల మొక్కజొన్న వేశారనుకుందాం. జాబితాలో చికెన్ పేరే ముందు వస్తుంది. ఆరబెట్టాక ఆ 30 కిలోల్లో మిగిలే ఘన పదార్థం సుమారు 9 కిలోలు. మొక్కజొన్నలో తేమ తక్కువ కాబట్టి అది 17 కిలోల పైనే మిగులుతుంది. కుక్క తినే గింజలో మొక్కజొన్న వాటా చికెన్‌కు దాదాపు రెట్టింపు. దీనికి భిన్నంగా 'చికెన్ మీల్' అంటే నీరు, కొవ్వు చాలావరకు తీసేసిన మాంసపు పొడి. పేరు వినడానికి బాగోదు, ప్రొటీన్ మాత్రం చిక్కగా ఉంటుంది. ఇంకో మెలిక, ఒకే పదార్థాన్ని ముక్కలుగా చూపించడం. బఠాణీ పిండి, బఠాణీ ప్రొటీన్, బఠాణీ పీచు అని మూడు చోట్ల రాస్తే ఒక్కొక్కటీ కిందికి జారుతుంది. మూడూ కలిపితే మాంసాన్ని దాటిపోవచ్చు.

ఉత్పత్తి పేరులోనూ ఇలాంటి తేడాలు ఉన్నాయి. అమెరికా రాష్ట్రాల్లో పశువుల దాణా నియంత్రణ అధికారులంతా కలిసి 1909లో ఏర్పాటు చేసుకున్న సంఘం ఆఫ్కో. దాని నమూనా నిబంధనల ప్రకారం 'చికెన్ డాగ్ ఫుడ్' అని పేరు పెట్టాలంటే, కలిపిన నీరు పోగా 95 శాతం చికెన్ ఉండాలి. 'చికెన్ డిన్నర్', 'చికెన్ ఫార్ములా' అంటే 25 శాతం చాలు. 'విత్ చికెన్' అంటే 3 శాతం. 'చికెన్ ఫ్లేవర్' అంటే రుచి గుర్తుపట్టగలిగినంత ఉంటే సరిపోతుంది. ప్యాకెట్ మీద బొమ్మ మాత్రం నాలుగింటికీ ఒకటే ఉండొచ్చు.

వెట్ ఫుడ్‌ను డ్రై ఫుడ్‌తో పోల్చేటప్పుడూ నీరే తికమక పెడుతుంది. డబ్బా మీద ప్రొటీన్ 8 శాతం, పొడి గింజల ప్యాకెట్ మీద 26 శాతం అని ఉంటే డబ్బాలో ఏమీ లేనట్టు కనిపిస్తుంది. డబ్బాలో 78 శాతం నీరు. మిగిలిన 22 భాగాల్లో 8 ప్రొటీన్, అంటే నీరు తీసేస్తే 36 శాతం. పొడి ఆహారంలో 10 శాతం తేమ తీసేసి చూస్తే 29 శాతం. డబ్బాలోనే ప్రొటీన్ ఎక్కువ. నీరు తీసి లెక్కించకపోతే రెండింటి మధ్య పోలికకు అర్థం లేదు.

నమ్మదగిన వాక్యం ఏది

ప్యాకెట్ మీద అన్నింటికన్నా విలువైన సమాచారం సాధారణంగా వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఈ ఆహారం ఏ వయసు కుక్కకు 'కంప్లీట్ అండ్ బ్యాలెన్స్‌డ్', అంటే దీన్ని మాత్రమే పెట్టినా సరిపోతుందా లేదా అన్నది చెప్పే వాక్యం అది. యూరప్‌లో ఇలాంటి ప్రమాణాలను ఫెడియాఫ్ అనే సంఘం ఇస్తుంది. 'అప్పుడప్పుడు పెట్టడానికి మాత్రమే' అనో, 'కాంప్లిమెంటరీ' అనో రాసి ఉంటే అది చిరుతిండి కిందే లెక్క. రోజూ అదే పెడితే లోపాలు తప్పవు. చిన్న కుక్కల కోసం అమ్మే చిన్నచిన్న పౌచ్‌లలో ఇలాంటివి కనిపిస్తాయి, జాగ్రత్తగా చూడాలి.

ఆఫ్కో ఏ ఆహారాన్నీ పరీక్షించదు, ఆమోదించదు. 'ఆఫ్కో అప్రూవ్‌డ్' అన్న మాటే తప్పు. అది ప్రమాణాలు రాసిపెడుతుంది, వాటికి తగ్గట్టు ఉందని చెప్పుకునే బాధ్యత తయారీదారుది. అందుకు ముఖ్యంగా రెండు దారులున్నాయి. ఫార్ములాను లెక్కల్లోనో, ల్యాబ్ పరీక్షలోనో ప్రమాణంతో సరిపోల్చడం ఒకటి. కుక్కలకు పెట్టి చూడటం రెండోది. ఎదిగిన కుక్కలకు రోజూ పెట్టే ఆహారానికి ఈ పరీక్షలో కనీసం ఎనిమిది కుక్కలు, 26 వారాలు ఉండాలి. ఎనిమిదింటిలో ఆరు చివరిదాకా నిలిస్తే చాలు. తీవ్రమైన లోపాలను ఇది పట్టుకుంటుంది. పదేళ్లపాటు తింటే ఏమవుతుందో చెప్పే శక్తి దానికి లేదు. కాబట్టి ఆ వాక్యాన్ని కనీస అర్హతగానే చూడాలి. ఆ కనీస అర్హత కూడా లేని ఆహారం మీద ఎంత అందమైన మాటలు రాసినా వదిలేయడమే మంచిది.

ఇక తరచూ భయపెట్టే కొన్ని మాటలు. 'బైప్రొడక్ట్స్' అంటే వెంట్రుకలు, గిట్టలు, కొమ్ములు అని ప్రచారం. ఆఫ్కో నిర్వచనం వాటిని మినహాయిస్తుంది. అందులోకి వచ్చేవి కాలేయం, కిడ్నీలు, ఊపిరితిత్తులు, ప్లీహం వంటివి. కాలేయంలో ఉన్నన్ని విటమిన్లు కండ మాంసంలో ఉండవు. 'యాష్' అంటే బూడిద కలిపారని కాదు. ఆహారాన్ని ల్యాబ్‌లో కాల్చాక మిగిలే ఖనిజాల కొలత అది. ప్రిజర్వేటివ్స్ విషయంలో ఎథాక్సిక్విన్ అనే రసాయనం మీద ఆందోళన వచ్చాక, 1997లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దాని మోతాదును సగానికి, అంటే 75 పీపీఎంకు (పది లక్షల భాగాల్లో 75కు) తగ్గించమని తయారీదారులను కోరింది. ఇప్పుడు చాలామంది విటమిన్ ఇ రకానికి చెందిన సహజ పదార్థాలు వాడుతున్నారు. అవి కొవ్వును అంత ఎక్కువ కాలం కాపాడలేవు. చిన్న కుక్క ఉన్న ఇంట్లో దీని ప్రభావం ఏమిటో ముందు వస్తుంది.

ధాన్యం మీద పడ్డ నింద

కుక్క తోడేలు సంతతి కాబట్టి దానికి ధాన్యం అరగదన్నది బలంగా పాతుకుపోయిన వాదన. 2013లో కుక్కల, తోడేళ్ల జన్యువులను పోల్చిన పరిశోధన దీనికి జవాబు ఇచ్చింది. పిండిని అరిగించే అమైలేజ్ ఎంజైమ్‌కు సంబంధించిన జన్యువు తోడేలులో రెండు కాపీలు ఉంటే, కుక్కల్లో నాలుగు నుంచి ముప్పై దాకా కనిపించాయి. మనిషి పక్కన బతికిన వేల ఏళ్లలో కుక్క జీర్ణవ్యవస్థ మారింది. బాగా ఉడికిన పిండిని అది హాయిగా అరిగించుకుంటుంది.

అలర్జీ వాదన కూడా ఆధారాల ముందు నిలవదు. ఆహార అలర్జీ తేలిన కుక్కల కేసులను 2016లో ఒకచోట చేర్చి చూస్తే మొదటి స్థానం బీఫ్‌ది, 34 శాతం. తర్వాత పాల పదార్థాలు 17, చికెన్ 15, గోధుమ 13 శాతం. మొక్కజొన్న వాటా ఇంకా చాలా తక్కువ. కుక్క గోక్కుంటోందని ధాన్యం మానేసి, అదే చికెన్ ఉన్న గ్రెయిన్ ఫ్రీ ఆహారం పెడితే దురద తగ్గకపోవడంలో వింత లేదు. పైగా చర్మం దురదకు తిండి కన్నా గోమార్లు, గాలిలోని అలర్జీ కారకాలే ఎక్కువసార్లు కారణమవుతాయి.

ధాన్యం తీసేస్తే కనీసం నష్టమైనా ఉండదు కదా అన్న ధీమాకు 2018 జులైలో గండి పడింది. డైలేటెడ్ కార్డియోమయోపతీ అనే గుండె జబ్బు, సాధారణంగా దాని ముప్పు లేని జాతుల్లోనూ కనిపిస్తోందని ఎఫ్‌డీఏ ప్రకటించింది. 2019 జూన్ నాటికి అందిన ఫిర్యాదుల్లోని ఆహారాల్లో 90 శాతానికి పైగా గ్రెయిన్ ఫ్రీవే. 93 శాతంలో బఠాణీ లేదా మసూర్ వంటి పప్పులు ఉన్నాయి. కారణం ఇదేనని ఇప్పటికీ తేలలేదు. అర్థవంతమైన కొత్త ఆధారాలు వచ్చేదాకా క్రమం తప్పని ప్రకటనలు ఉండవని 2022 డిసెంబరులో ఆ సంస్థే చెప్పింది. అంటే ఆరోపణ రుజువు కాలేదు, కొట్టివేయనూ లేదు. వైద్య కారణం లేకుండా గ్రెయిన్ ఫ్రీ వైపు వెళ్లడం వల్ల వచ్చే లాభం మాత్రం ఏమీ కనబడటం లేదు.

మూడు కిలోల లెక్క

చిన్న కుక్క అంటే పెద్ద కుక్కకు చిన్న నమూనా అనుకోవడం దగ్గర అసలు చిక్కు మొదలవుతుంది. శరీర శక్తి అవసరం బరువుతో సమానంగా పెరగదు. పశువైద్యులు వాడే సూత్రం ప్రకారం, విశ్రాంతిగా ఉన్నప్పుడు కావాల్సిన శక్తి కోసం కిలోల్లో బరువును 0.75 ఘాతానికి పెంచి 70తో గుణిస్తారు. మూడు కిలోల కుక్కకు 160 క్యాలరీలు వస్తుంది, ముప్పై కిలోల కుక్కకు సుమారు 900. బరువు పది రెట్లు, అవసరం ఆరు రెట్లు కూడా లేదు. కిలోకు చూస్తే చిన్నదానికి 53, పెద్దదానికి 30. ఒంటి పరిమాణంతో పోలిస్తే దాని చర్మపు వైశాల్యం ఎక్కువ, వేడి త్వరగా పోతుంది, ఒంట్లో జీవక్రియ వేగంగా సాగుతుంది.

అందుకే చిన్న కుక్కల ఆహారంలో క్యాలరీలు చిక్కగా, గింజ చిన్నదిగా ఉండటానికి కారణం ఉంది. 'స్మాల్ బ్రీడ్' అన్న మాట మొత్తం వ్యాపార ఎత్తుగడ అనేయడం సరికాదు. ఒక్కో జాతికి ఒక్కో ప్యాకెట్ అన్నదానికి మాత్రం అంత బలమైన ఆధారం లేదు.

చిక్కేమిటంటే, కిలోకు ఎక్కువ కావాలన్న మాట వినగానే 'కాస్త ఎక్కువ పెడదాం' అనిపిస్తుంది. మొత్తం మీద దాని అవసరం చాలా చిన్నది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన, మామూలుగా తిరిగే మూడు కిలోల కుక్కకు 160ని 1.6తో గుణిస్తే రోజుకు సుమారు 255 క్యాలరీలు. ఎక్కువసేపు సోఫా మీదే గడిపే కుక్కకు అంత కూడా అక్కర్లేదు. కిలోకు 3,700 క్యాలరీలున్న డ్రై ఫుడ్ అయితే రోజంతటికీ 69 గ్రాములు. రెండు పూటలా పెడితే పూటకు 35 గ్రాములు లోపే. అరచేతిలో పడితే కాస్తంతే కనిపిస్తుంది, ఇంత తక్కువేమిటి పాపం అనిపిస్తుంది. జాలిపడి ఇంకో పది గ్రాములు వేస్తే 37 క్యాలరీలు ఎక్కువైనట్టు, అంటే రోజు అవసరంలో దాదాపు 15 శాతం. ముప్పై కిలోల కుక్కకు అదే పది గ్రాములు మూడు శాతం లోపే.

కప్పుతో కొలవడం ఇక్కడే దెబ్బతీస్తుంది. కుక్కల యజమానులతో డ్రై ఫుడ్ కొలిపించి చూసిన ఒక అధ్యయనం 2019లో వచ్చింది. వాళ్లు వేసిన కొలతలు కావాల్సినదాని కన్నా 48 శాతం తక్కువ నుంచి 152 శాతం ఎక్కువ దాకా ఉన్నాయి. పరిమాణం చిన్నదైన కొద్దీ తప్పు పెరిగింది. చిన్న కుక్క యజమాని ఎప్పుడూ కొలిచేది చిన్న పరిమాణాలే. గ్రాముల్లో చూపే వంటింటి తూకం ఒకటి ఉంటే ఈ టెన్షన్ తీరిపోతుంది. ప్యాకెట్ మీద ఉండే పట్టిక మొదలుపెట్టడానికి పనికొస్తుందే తప్ప, ఇంట్లో కూర్చునే చాలా కుక్కలకు అది ఎక్కువే అవుతుంది.

చిరుతిళ్ల లెక్క ఇంకా కఠినం. రోజు క్యాలరీల్లో పదో వంతుకు మించకూడదన్నది సాధారణ సూత్రం. మూడు కిలోల కుక్కకు అది పాతిక క్యాలరీలు. ముప్పై గ్రాముల చీజ్ ముక్కలో దాదాపు 120 ఉంటాయి. అంటే దాని రోజు అవసరంలో సగం ఒక్క ముక్కలో వెళ్లిపోయింది. ఇంట్లో నలుగురు ఉంటే, ఎవరికి వాళ్లు 'నేను కొంచెమే పెట్టాను' అనుకుంటే, సాయంత్రానికి ఆ కుక్క రెండు రోజుల తిండి తినేసి ఉంటుంది.

దీని పర్యవసానం అందానికి సంబంధించినది కాదు. 12 జాతులకు చెందిన యాభై వేలకు పైగా కుక్కల వైద్య రికార్డులు చూసిన ఒక అధ్యయనం 2019లో అచ్చయింది. నడివయసులో బరువెక్కిన కుక్కల ఆయుష్షు అన్ని జాతుల్లోనూ తగ్గింది. జర్మన్ షెపర్డ్ మగ కుక్కల్లో తేడా ఐదు నెలలైతే, యార్క్‌షైర్ టెర్రియర్ మగ కుక్కల్లో రెండున్నరేళ్లు. చిన్న జాతుల్లో మామూలుగానే ఎక్కువగా ఉండే మోకాలి చిప్ప జారడం, శ్వాసనాళం కుంగిపోవడం వంటి ఇబ్బందులు ఒళ్లు పెరిగితే ఇంకా ముదురుతాయి. పమేరియన్ వంటి బొచ్చు కుక్కల్లో ఒళ్లు కంటికి తెలియదు. చేత్తో తడిమితే పక్కటెముకలు పలచని పొర కింద ఒక్కొక్కటిగా తగలాలి. గట్టిగా నొక్కితే గానీ తగలకపోతే తిండి తగ్గించాల్సిన సమయం వచ్చినట్టే. మూడు కిలోల కుక్క మూడు వందల గ్రాములు పెరిగితే పది శాతం పెరిగినట్టు. కంటికి ఆనని తేడా అది.

పరిమాణం చిన్నదైతే విషం కూడా త్వరగా తలకెక్కుతుంది. ఇరవై గ్రాముల డార్క్ చాక్లెట్‌లో సుమారు 100 మిల్లీగ్రాముల థియోబ్రోమిన్ ఉంటుంది. మూడు కిలోల కుక్కకు అది కిలోకు 33 మిల్లీగ్రాములు. 20 దాటితేనే వాంతులు, అలజడి వంటి లక్షణాలు మొదలవుతాయి. పెద్ద కుక్క అదే ముక్క తింటే బహుశా ఏమీ కాదు. ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లి, వెల్లుల్లి, అలాగే షుగర్ ఫ్రీ చూయింగ్ గమ్‌లలో ఉండే జైలిటాల్ అనే తీపి పదార్థం, వీటి విషయంలో పరిమాణం తర్కించకుండా డాక్టర్‌కు ఫోన్ చేయాలి.

పిల్లలకు వేరే నియమం

ఎదిగినవాటికి ఎక్కువ పెట్టడం సమస్య అయితే, చివావా, యార్క్‌షైర్ వంటి బుల్లి జాతుల పిల్లలకు ఎడం ఎక్కువ కావడం సమస్య. వాటి కాలేయంలో దాచుకునే గ్లైకోజన్ (నిల్వ చక్కెర) చాలా కొద్ది, కండలూ తక్కువే. కొన్ని గంటలు తినకపోయినా, చలి తగిలినా, కొత్త ఇంటికి వచ్చిన కంగారులో ముద్ద ముట్టకపోయినా రక్తంలో చక్కెర పడిపోతుంది. తూలడం, వణుకు, మగతగా పడి ఉండటం దీని గుర్తులు. ఆపైన ఫిట్స్ వస్తాయి. అందుకే ఈ పిల్లలకు మొదటి నెలల్లో రోజుకు నాలుగుసార్లు, అవసరమైతే ఇంకా ఎక్కువసార్లు కొద్దికొద్దిగా పెట్టమంటారు. క్రమశిక్షణ పేరుతో పూట మానిపించడం వీటి విషయంలో ప్రమాదకరం.

చిన్న జాతులు తొమ్మిది నుంచి పన్నెండు నెలల్లో ఎదుగుదల పూర్తి చేసుకుంటాయి. పెద్ద జాతులకు ఏడాదిన్నర, రెండేళ్లు పడుతుంది. పెద్ద జాతి పిల్లల్లో క్యాల్షియం ఎక్కువైతే ఎముకలు వంకరపోతాయి కాబట్టి వాటి ఆహారంలో గరిష్ఠ పరిమితి తక్కువ. చిన్న జాతులకు ఆ ముప్పు అంతగా లేదు. అంతమాత్రాన సమతుల ఆహారం పైన అదనంగా క్యాల్షియం టానిక్ పోయడంలో అర్థం లేదు.

గట్టి గింజలు పళ్లు తోముతాయా

డ్రై ఫుడ్ కొరికితే పళ్లు శుభ్రపడతాయన్న నమ్మకం చిన్న కుక్కల్లో ఎక్కువ హాని చేస్తుంది. పంటి మొన తగలగానే మామూలు గింజ పగిలిపోతుంది. పాచి పేరుకునే చిగురు అంచుదాకా అది వెళ్లదు. చాలా బుల్లి కుక్కలు గింజను నమలకుండానే మింగేస్తాయి. చిన్న దవడలోనూ పెద్ద దవడలో ఉన్నట్టే 42 పళ్లు ఇరుక్కుని ఉంటాయి, పాలపళ్లు ఊడకుండా ఉండిపోవడమూ ఎక్కువే. చిగుళ్ల జబ్బు వీటిలో త్వరగా వస్తుంది. పళ్ల కోసం ప్రత్యేకంగా తయారుచేసిన గింజలు వేరు. అవి పెద్దవిగా, పీచు అల్లికతో, పన్ను లోపలికి దిగేలా ఉంటాయి. పరీక్షల్లో ఫలితం చూపిన వాటికి వెటర్నరీ ఓరల్ హెల్త్ కౌన్సిల్ ముద్ర ఇస్తుంది. రోజూ బ్రష్ చేయడంతో పోలిస్తే అవి కూడా వెనకబడే ఉంటాయి.

పెద్ద బస్తా ఎందుకు లాభం కాదు

పెద్ద బస్తా కొంటే కిలోకు చవక పడుతుందన్న లెక్కలో ఒక అంశం తప్పిపోతుంది. రోజుకు 69 గ్రాములు తినే కుక్కకు 15 కిలోల బస్తా ఏడు నెలలు వస్తుంది. బస్తా తెరిచిన దగ్గర నుంచి గింజ పైపూతగా ఉన్న కొవ్వుకు గాలి తగులుతూనే ఉంటుంది. అది ముక్కిపోతుంది, విటమిన్లు తగ్గుతాయి, తేమ చేరితే బూజు, పురుగు పడతాయి. తెరిచాక నెల, నెలన్నరలో అయిపోయే ప్యాకెట్ కొనడం మంచిది. ఈ కుక్కకు రెండు, మూడు కిలోలది సరిపోతుంది. ప్యాకెట్‌లోంచి తీసి ప్లాస్టిక్ డబ్బాలో ఒంపేయడం కన్నా, ప్యాకెట్‌ను మడిచి అలాగే డబ్బాలో పెట్టడం మేలు. డబ్బా గోడలకు అంటిన పాత కొవ్వు కొత్త గింజలను పాడుచేయదు, బ్యాచ్ నంబరూ చేతిలో ఉంటుంది. వెనక్కి రప్పించే ప్రకటన వచ్చినప్పుడు ఆ నంబరే అవసరం.

ఇంటి వంట, పచ్చి మాంసం

ప్యాకెట్ మీద అనుమానంతో చాలామంది ఇంట్లో వండటం మొదలుపెడతారు. ఆ శ్రద్ధను తక్కువ చేయనక్కర్లేదు, కానీ దారి అనుకున్నంత సులువు కాదు. పుస్తకాల్లో, ఇంటర్నెట్‌లో దొరికే 200 వంటకాలను కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్ పరిశోధకులు విశ్లేషించి 2013లో ఫలితాలు ప్రకటించారు. 95 శాతం వంటకాల్లో కనీసం ఒక ముఖ్యమైన పోషకం తక్కువపడింది. ఉడికించిన చికెన్, అన్నం తీసుకుంటే మాంసంలో ఫాస్ఫరస్ ఎక్కువ, క్యాల్షియం అతి తక్కువ. ఒంటికి కావాల్సింది ఫాస్ఫరస్‌తో సమానంగానో, అంతకన్నా ఎక్కువగానో క్యాల్షియం. ఆ లోటును శరీరం ఎముకల్లోంచి లాక్కుంటుంది. ఎదిగే పిల్లల్లో ఇది వారాల్లోనే ఎముకలను పెళుసుగా మారుస్తుంది. ఎదిగిన కుక్క నెలల తరబడి పైకి బాగానే కనిపిస్తుంది, అందుకే 'మా కుక్క బాగానే ఉంది కదా' అన్న అనుభవం ఇక్కడ రుజువు కాదు. ఇంటి వంటే పెట్టాలనుకుంటే పశు పోషకాహార నిపుణులు ఆ కుక్క బరువును బట్టి రాసిచ్చిన వంటకాన్ని, సప్లిమెంట్‌తో సహా, గ్రాము తేడా లేకుండా పాటించాలి.

పచ్చి మాంసంలో సాల్మొనెల్లా, లిస్టీరియా ముప్పు ఉంది. ఫ్రీజర్‌లో పెట్టినంత మాత్రాన అవి చావవు. కుక్క తట్టుకున్నా ఇంట్లో చిన్నపిల్లలు, ముసలివాళ్లు తట్టుకోలేకపోవచ్చు. అమెరికన్ వెటర్నరీ మెడికల్ అసోసియేషన్ 2012 నుంచి దీన్ని వద్దంటోంది.

ప్రొటీన్ ఎక్కువైతే కిడ్నీలు పాడవుతాయన్న భయానికి ఆరోగ్యంగా ఉన్న కుక్కల్లో ఆధారం లేదు. కిడ్నీ జబ్బు బయటపడ్డాక డాక్టర్ చెప్పే ఆహారం వేరే విషయం. కొవ్వు సంగతి అలా కాదు. మినియేచర్ ష్నాజర్ వంటి జాతుల రక్తంలో కొవ్వు ఎక్కువగా ఉండే గుణం పుట్టుకతోనే వస్తుంది. వేపుడు ముక్కలు, మాంసం తోలు ఒక్క పూట పెట్టినా క్లోమం వాచి, ఆసుపత్రిలో చేర్చాల్సిన పరిస్థితి రావచ్చు.

'మా కుక్క ఏమీ తినదు'

చిన్న కుక్కల యజమానుల నోట ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఇది. బరువు తూచి చూస్తే చాలాసార్లు కుక్క బొద్దుగానే ఉంటుంది. గిన్నెలోది ముట్టకపోతే పైన కాస్త చికెన్ కలుపుతారు. తర్వాత చికెన్ ఏరుకుని తిని గింజలు వదిలేస్తుంది. బ్రాండ్ మారుస్తారు. కొత్తదాన్ని రెండు రోజులు ఇష్టంగా తిని మళ్లీ మూతి తిప్పుకుంటుంది. ఆగితే ఇంకా మంచిది వస్తుందని కుక్క నేర్చుకుంది, అంతే. ఈలోగా చిరుతిళ్లతో దాని 255 క్యాలరీలు ఎప్పుడో నిండిపోయాయి. ఆకలి లేని కుక్కను బాగా తినే కుక్కగా మార్చే ఆహారం ఏదీ లేదు. బ్రాండ్‌ను ఒక్కసారిగా మార్చడం వల్ల విరేచనాలు పట్టుకుంటాయి కూడా. మార్చాల్సి వస్తే పాతదాంట్లో కొత్తది కొద్దికొద్దిగా పెంచుతూ వారం, పది రోజులు తీసుకోవాలి.

ఎదిగిన, ఆరోగ్యంగా ఉన్న కుక్క అయితే తూచిన కొలత గిన్నెలో వేసి, ఇరవై నిమిషాల తర్వాత తీసేసి, మధ్యలో ఏమీ పెట్టకపోతే చాలావరకు రెండు మూడు రోజుల్లో దారికొస్తుంది. బుల్లి పిల్లలకు, షుగర్ మందు వాడే కుక్కలకు ఈ పద్ధతి పనికిరాదు. ఎప్పుడూ బాగా తినే చిన్న కుక్క ఉన్నట్టుండి ఒక రోజంతా ముట్టకపోతే, దానికి వాంతులో, నీరసమో తోడైతే, అది మారాం కాదు. పంటి నొప్పి, క్లోమం వాపు, కాలేయ జబ్బు అన్నీ మొదట ఇలాగే కనిపిస్తాయి, అంత చిన్న ఒంటికి నీరసించిపోవడానికి ఎక్కువ సమయం పట్టదు. ఆ రోజే డాక్టర్‌కు చూపించాలి.